ఒకసారి నేను, రెండుసార్లు వాళ్ళు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చని నేను గట్టిగా నమ్మేదాన్ని. పైపై నమ్మకం కాదు, పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు దేవుడు వింటున్నాడని ఎంత నమ్ముతామో అంత. ఆ నమ్మకం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద, పట్టపగలు, పదిమంది ఆడవాళ్ళ ఎదుట ఎంత చప్పుడు చేస్తూ కూలిపోయిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. (అందుకు కారణమైన వాళ్ళందరికీ ఈపాటికి వందసార్లు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అయినా చెవులు వేడెక్కడం మానలేదు.)

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. ఐదో ఏట బళ్ళో వేస్తే మూడో రోజున సుద్దముక్క పొడికి ఊపిరాడక నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చారు. "ఇంక దీన్ని బడికి పంపితే నా మీద ఒట్టే" అంది అమ్మ. దాంతో నా చదువు తాతయ్య చేతిలో పడింది. తాతయ్య పుట్టింది పౌరోహిత్యం చేసే ఇంట్లో, ఉద్యోగం చేసింది రైల్వే ఆఫీసులో గుమస్తాగా. చదువు చెప్పడానికి ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే, సంథ. గురువు ఒకసారి అంటాడు, శిష్యుడు రెండుసార్లు అనాలి. అదే స్వరం, అదే విరుపు, అదే ఊపిరి. సొంతంగా అక్షరం కలిపితే తప్పు, ఉన్న అక్షరం మింగితే ఇంకా తప్పు. స్తోత్రాలు అలాగే నేర్పారు, ఎక్కాలు అలాగే నేర్పారు, ఇంగ్లీషూ అలాగే నేర్పారు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషు. "ఐ బెగ్ టు స్టేట్" అని వాలుకుర్చీలోంచి తాతయ్య ఒకసారి అంటే, చాప మీద కూర్చుని చేతులు కట్టుకుని నేను రెండుసార్లు అనేదాన్ని. రేడియోలో ఇంగ్లీషు వార్తలు వచ్చే వేళకు ఇద్దరం శిష్యులమైపోయేవాళ్ళం. వార్తలు చదివే ఆయన ఒకసారి, మేం రెండుసార్లు. (అంతలో ఆయన రెండు వార్తలు ముందుకు వెళ్ళిపోయేవాడు. రొప్పుతూ పరుగెత్తి పట్టుకునేవాళ్ళం. ఉబ్బసానికి అదే మంచి వైద్యమైందని తాతయ్య అనేవారు.) అలా నాకు ఇంగ్లీషు వచ్చింది. ఆ రేడియో ఆయన గొంతుతో, ఆ విరుపులతో సహా వచ్చింది. నా భాగ్యం, అంత ఓపికగల గురువు దొరికారు.

పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి డిగ్రీ అయ్యాక, ఇరవై ఒకటో ఏట, పేపర్లో ప్రకటన చూసి బెంజ్ సర్కిల్ దగ్గరి స్పోకెన్ ఇంగ్లీషు సెంటరుకి వెళ్ళాను. కింద జ్యూసు కొట్టు, పైన సెంటరు. దాని యజమానిని అందరూ డైరెక్టరు గారనేవారు. (ఆ పేరు ఆయనే పెట్టుకున్నారు. సెంటరులో ఆయన కాక ఉన్నది ఒక వాచ్‌మన్.) ఆయన నా చేతికి ఇంగ్లీషు పేపరు ఇచ్చి "చదవమ్మా" అన్నారు. నేను రేడియో గొంతు ఎత్తుకుని చదివాను. రెండో వాక్యానికి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. నాలుగో వాక్యానికి వాచ్‌మన్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏ ఊరి కాన్వెంటమ్మా నీది?" అన్నారు డైరెక్టరు గారు. "మా ఇంట్లోనేనండీ" అన్నాను. "ఆహా, ఇంట్లోనే అందరూ ఇంగ్లీషన్నమాట!" అని ఆయనే అర్థం చేసుకుని, "సోమవారం వచ్చేయమ్మా" అన్నారు. నన్ను ఒక్క ప్రశ్న కూడా ఇంగ్లీషులో అడగలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు. బస్సులోంచి కనిపించినంత మేరా అమ్మవారి కొండకేసి దణ్ణం పెట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

నాకు అప్పజెప్పిన క్లాసులో పదిమంది. తొమ్మిది మంది నేత కుటుంబాల వాళ్ళు, బందరు దారిలోని ఊళ్ళ నుంచి వచ్చేవారు. ఊళ్ళో చేనేత ప్రదర్శన ఒకటి జరగబోతోంది, నెల రోజులపాటు. అక్కడ మగ్గం వేసి నేస్తూ, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళకి ఇంగ్లీషులో తన గుడ్డ గురించి చెప్పగలిగే మనిషి ఒకరు కావాలి. ఆ ఒక్కరినీ ఎంచుకోవడానికి ఢిల్లీ నుంచి ఒక మేడం ఆరు వారాల తరువాత వస్తుంది. వినడం, మాట్లాడటం రెండూ చూస్తుంది. ఇదీ ఏర్పాటు. పదో మనిషికి నేతతో సంబంధం లేదు. ఆవిడది చేపల వ్యాపారం, బందరు నుంచి సొంత ఖర్చుతో వచ్చేది. అందరూ చేపల వదిన అనేవారు. మొదటి రోజే నా ఎదుట నిలబడి, "ఇదిగో టీచరమ్మా, నాకు మాట్టాట్టం గీట్టం అక్కర్లేదు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర సరుకు చూడ్డానికొచ్చే కంపెనీవాళ్ళు నా మొహం మీదే ఇంగ్లీషులో గొణుక్కుంటన్నారు. ఆళ్ళేం గొణుగుతున్నారో తెలిస్తే చాలు. తిట్టుకోడం నేను తెలుగులోనే తిట్టుకుంటా" అంది.

మిగిలిన తొమ్మండుగురిలో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉండేది మగ్గం పిన్ని. నలభై దాటిన మనిషి, సన్నగా, మాట కన్నా చెయ్యి ఎక్కువ కదిలే మనిషి. వాళ్ళాయన నడుం పట్టేసి మగ్గం గుంటలో కూర్చోలేకపోతే ఆవిడే దిగి నేస్తోంది. ఆయన గట్టున కూర్చుని నూలు కండెలు చుడతాడు. "మా వీధిలో నవ్వుతారమ్మా, తలకిందుల కాపురం అని. నవ్వనీ. గుడ్డకేం తెలుసు ఎవరు నేశారో" అనేది. అయితే ఆ నవ్వు కూడా ఎన్నాళ్ళో ఉండేలా లేదు. నూలు ఇచ్చే షావుకారు ఇక ఇవ్వనన్నాడు. ఇబ్రహీంపట్నంలో, కరెంటు ఫ్యాక్టరీ దగ్గర, ఒక మెస్సులో వంటపని ఉందని చుట్టాలెవరో చెప్పారు. ప్రదర్శనలో చోటు దొరికితే తన గుడ్డ తన పేరుతో అమ్ముకోవచ్చు, నూలు తనే కొనుక్కోవచ్చు. దొరక్కపోతే మగ్గం విప్పేసి ఇద్దరూ మెస్సుకి పోవడమే. "మెస్సులో పనేమీ తప్పు కాదులే" అని ఒకరోజు బస్సు కోసం నిలబడ్డప్పుడు నాతో అంది. "కానీ మగ్గం విప్పితే ఆ గుంట పూడ్చాలి కదమ్మా. ఇంట్లో గొయ్యి పూడ్చడం అంటే ఏదోలా ఉంటది." ఆ రోజు నుంచి నా పూజలో ఆవిడ గుంట కూడా చేరింది. ఆవిడకు ఇంగ్లీషు రప్పించే భారం దేవుడి మీద సగం, నా మీద సగం అనుకున్నాను.

మొదటి వారం ఎవ్వరూ నోరు విప్పలేదు. నేను బోర్డు మీద రాయడం, వాళ్ళు పుస్తకంలో దించుకోవడం. అడిగితే నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం. ఏడుపు వచ్చినంత పనైంది. రెండో వారం మొదటి రోజు తాతయ్యను తలచుకుని, కుర్చీలు గోడకు నెట్టించి, చాపలు వేయించి, అందర్నీ చేతులు కట్టుకుని కూర్చోమన్నాను. "నేను ఒకసారి అంటాను. మీరు రెండుసార్లు అనండి. అర్థం తరువాత. ముందు చెవి, తరువాత నోరు" అన్నాను. ఇక చూడాలి! ఎన్నో ఏళ్ళుగా స్తోత్రాలూ భజనలూ అలాగే నేర్చుకున్న గొంతులవి. "ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐ యామ్ ఎ వీవర్" అని నేను ఒకసారి అనగానే, పది గొంతులు ఒక్క గొంతై, విరుపు తప్పకుండా, నా రేడియో ఆయన సాగదీతతో సహా, రెండుసార్లు అన్నాయి. నాకు ఒళ్ళు పులకరించింది. కింది జ్యూసు కొట్టాయన పైకి వచ్చి, "ఏ పూజండీ ఇది? ప్రసాదం ఉంటదా?" అని అడిగాడు. డైరెక్టరు గారు వరండాలో నిలబడి కళ్ళు మూసుకుని విని, "ఇది కదా మెథడ్!" అన్నారు.

నాలుగు వారాలు గడిచేసరికి వాళ్ళ చెవి ఎంత పదునెక్కిందంటే, నేను మధ్యలో దగ్గితే ఆ దగ్గునూ రెండుసార్లు దగ్గేవారు. "వన్ మినిట్, వాటర్ ప్లీజ్" అని వాచ్‌మన్‌తో అంటే అదీ రెండుసార్లు. నేను నవ్వుకుని మురిసిపోయేదాన్ని. ప్రశ్న సంథ, జవాబూ సంథ. "వాట్ ఈజ్ యువర్ నేమ్" రెండుసార్లు, "మై నేమ్ ఈజ్" రెండుసార్లు. ఒక్కసారి మాత్రం మగ్గం పిన్ని దారి తప్పింది. "ఐ యామ్ ఎ వీవర్" అని రెండుసార్లు అన్నాక ఆగకుండా, "మై హస్బెండ్... బ్యాక్ పెయిన్... ఐ సిట్" అని మూడు ముక్కలు తనంతట తను కలిపింది. నేను నాలిక కరుచుకున్నాను. "సొంత మాటలు కలపకూడదు పిన్నీ. దోషం" అన్నాను. ఆవిడ తల దించుకుని, "మరి ఎదటోళ్ళు వేరేగా ఏమన్నా అడిగితేనో అమ్మా?" అంది. "ముందు ఇది రానివ్వండి. అదే వస్తుంది" అన్నాను. (ఇరవై ఒక్కేళ్ళ దాన్ని, నలభై ఏళ్ళ మనిషికి చెప్పిన మాట ఇది. గదిలో దేవుడి పటం ఉంది. ఆయన కూడా ఊరుకున్నాడు.)

ఢిల్లీ మేడం వచ్చిన రోజు పొద్దున్న గుమ్మానికి మామిడాకులు కట్టించాను. పదిమందీ తమ తమ మంచి చీరల్లో వచ్చారు. మగ్గం పిన్ని తను నేసిన నీలం చీర, ఎర్ర అంచుది, కట్టుకుంది. చెప్పులన్నీ బయట వరసగా విడిచి, చాపల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. మేడం పొట్టి జుట్టుతో, భుజానికి పెద్ద సంచితో, గబగబా మెట్లెక్కి వచ్చింది. వెనకే డైరెక్టరు గారు, చేతిలో పూలగుచ్ఛం. మేడం గదిలోకి అడుగు పెట్టి, నవ్వుతూ, "గుడ్ మార్నింగ్ లేడీస్" అంది.

"గుడ్ మార్నింగ్ లేడీస్. గుడ్ మార్నింగ్ లేడీస్."

పది గొంతులు. ఆవిడ ఢిల్లీ యాసతో సహా. మేడం కనుబొమలు కొంచెం లేచాయి గానీ, మర్యాద అనుకుందో ఏమో, తల ఊపింది. మేడం నేరుగా ముందు వరసలో ఉన్న మగ్గం పిన్ని ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంది.

"వాట్ ఈజ్ యువర్ నేమ్? వాట్ ఈజ్ యువర్ నేమ్?"

"నో, నో. ప్లీజ్ ఆన్సర్ మీ."

"నో, నో. ప్లీజ్ ఆన్సర్ మీ. నో, నో. ప్లీజ్ ఆన్సర్ మీ."

మేడానికి దగ్గు వచ్చింది. గది నిండా ఇరవై దగ్గులు వచ్చాయి. నేను గోడకు ఆనుకున్నాను. చేతులతో ఆపమని సైగ చేశాను. సంథ చెప్పేటప్పుడు నేను చెయ్యి ఊపేది విరుపు కోసం. వాళ్ళు విరుపు ఇంకా బాగా ఇచ్చారు. అంతలో మేడం ఫోను మోగింది. "ఐ యామ్ ఇన్ ఎ మీటింగ్, కాల్ యూ లేటర్" అంది ఆవిడ. ఆ మాట అవతలి మనిషికి మొత్తం మూడుసార్లు వినిపించి ఉంటుంది, అందులో రెండుసార్లు కోరస్‌గా. ఫోను పెట్టేసి మేడం డైరెక్టరు గారి వంక చూసింది. "ఈజ్ దిస్ ఎ జోక్?" ఆ ప్రశ్న కూడా గదంతా రెండుసార్లు తిరిగి వచ్చింది, ఎంతో భక్తిగా. డైరెక్టరు గారు పూలగుచ్ఛాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఆయన నన్ను చూపించారు. మేడం లేచి నా దగ్గరికి వచ్చింది. నా కళ్ళలోకి చూసి, మెల్లగానే, "ఆర్ యూ ద టీచర్?" అంది.

ఇప్పుడు నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు తెలిసివచ్చింది, పుట్టి బుద్ధెరిగాక నన్ను ఒక మనిషి ఎదురుగా నిలబడి, నా జవాబు కోసం ఆగి, ఇంగ్లీషులో ప్రశ్న అడగడం అదే మొదటిసారి అని. తాతయ్య అడగలేదు, చెప్పారు. రేడియో అడగలేదు, చెప్పింది. డైరెక్టరు గారు తెలుగులో అడిగారు. నాకు లక్ష వాక్యాలు వచ్చు, అందులో ఒక్కటీ నాది కాదు. బుర్ర ఖాళీ అయిపోయింది. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. నా చక్కని రేడియో గొంతు బయటికి వచ్చింది.

"ఆర్ యూ ద టీచర్? ఆర్ యూ ద టీచర్?"

ఈసారి క్లాసు కూడా అనలేదు. కింద జ్యూసు కొట్టులో మిక్సీ తిరిగే చప్పుడు స్పష్టంగా వినిపించింది. మేడం ఒక అడుగు వెనక్కి వేసి, డైరెక్టరు గారి చెవి దగ్గర ఏదో గొణిగింది. గొణిగింది, అంతే. కానీ వెనక వరసలో ఎవరున్నారో ఆవిడకేం తెలుసు? కంపెనీవాళ్ళ గొణుగుళ్ళ కోసమే ఆరు వారాలు బస్సెక్కి వచ్చిన మనిషి చటుక్కున లేచి, "ఒసేయ్, నాకర్థమైందర్రా!" అని కేకేసింది చేపల వదిన. "'పాపం, ఈ పిల్లని ఎవరు పనిలో పెట్టుకున్నారు?' అంటందే! ఇంగ్లీషులోనే అంది, నాకు తెలుగులో వినబడింది!" నన్ను అవమానించారన్న బాధ కన్నా తనకు అర్థమైందన్న సంతోషమే ఆవిడ మొహంలో ఎక్కువ వెలిగింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. (మేడ మీద ఉన్నాం గనక, చీలినా జ్యూసు కొట్టులోకే.)

మేడం సంచి భుజానికి తగిలించుకుంది. అయిపోయిందని అందరికీ తెలిసిపోయింది. పిన్ని వంక చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఇబ్రహీంపట్నం, మెస్సు, పూడ్చబోయే గుంట, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. వెళ్ళబోతూ మేడం ముందు వరస దగ్గర ఆగింది. పిన్ని నీలం చీర అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, డైరెక్టరు గారితో యథాలాపంగా, "నైస్. బట్ పవర్‌లూమ్, ఐ థింక్" అంది.

పది నోళ్ళు తెరుచుకున్నాయి, ఆ మాట కూడా రెండుసార్లు అనడానికి. తొమ్మిది నోళ్ళు "నైస్. బట్..." దాకా వచ్చాయి.

"నో!"

ఆ అరుపు ఎవరిదో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ఆరు వారాల్లో ఆ గొంతు అంత గట్టిగా, ఒంటరిగా విన్నదే లేదు. మగ్గం పిన్ని లేచి నిలబడింది. కట్టుకున్న చేతులు విడిపోయాయి. "నో మేడం! నో పవర్‌లూమ్! మై హ్యాండ్. మై లెగ్. మై హస్బెండ్ థ్రెడ్. సీ!" అంటూ అంచును మేడం కళ్ళ దగ్గరికి ఎత్తింది. అంచు పొడుగునా సన్నని సూది బెజ్జాలు. మగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా అడ్డంగా ఒక బద్ద పెట్టి, రెండు అంచుల్లోనూ సూదులు గుచ్చుతారు. "పిన్, పిన్, పిన్. ఐ పుట్. ఎవ్రీ... ఎవ్రీ జానెడు!" అంది. మాట దొరకకపోతే తెలుగు పెట్టేసింది, ఆగలేదు. తరువాత కుచ్చిళ్ళ పక్కన చీర విప్పి పట్టుకుని ఒకచోట వేలు పెట్టింది. అక్కడ నేత కొంచెం వంకరపోయి ఉంది. పరాయి కంటికి కనిపించదు. "సీ దిస్. మిస్టేక్. దిస్ డే మై డాటర్ ఫీవర్. ఐ థింక్ డాటర్, హ్యాండ్ గో రాంగ్. మెషీన్ నో డాటర్, మేడం! మెషీన్ నో మిస్టేక్! ఐ మిస్టేక్!"

అప్పుడు చాపల మీది నుంచి, అలవాటు చావక, భక్తి తగ్గక, తొమ్మిది గొంతులు లేచాయి.

"మెషీన్ నో మిస్టేక్! ఐ మిస్టేక్! మెషీన్ నో మిస్టేక్! ఐ మిస్టేక్!"

ఆ తొమ్మిదితో కలిసి పదో గొంతు కూడా ఉందని, అది నాదేనని, రెండోసారి అంటున్నప్పుడు గమనించాను.

ఢిల్లీ మేడం ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత సంచి కింద పడేసి, చాప మీద చతికిలబడి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. నవ్వు తగ్గాక పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుంది. "హౌ మెనీ డేస్, దిస్ శారీ?" "ఫైవ్ డేస్. రెయిన్ కమ్, టెన్ డేస్." "వై రెయిన్?" పిన్ని లేచి, నేల మీద గొయ్యి ఉన్నట్టు చూపించి, అందులో దిగి కూర్చున్నట్టు కూర్చుని, మెడదాకా చెయ్యి పెట్టి, "హోల్. వాటర్ కమ్. ఐ స్విమ్, నాట్ వీవ్" అంది. ఇవేవీ నేను చెప్పినవి కావు. వాటిలో సగానికి వ్యాకరణం లేదు. నాలుగో ప్రశ్నకి మేడం జవాబు రాసుకోవడం కూడా మానేసి వింటూ కూర్చుంది. మధ్యలో నన్ను చూపించి పిన్నితో ఏదో అంది. పిన్ని నా వంక తిరిగి, "నాకెవరు నేర్పారని అడుగుతోందమ్మా" అని నాకు తెలుగులో చెప్పి, మేడంతో, "షీ. గుడ్ గాళ్. వెరీ లౌడ్" అంది.

పిన్నినే ఎంచుకున్నారు. మిగిలిన వాళ్ళు ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఎవరూ ఏడవలేదు. "మన మగ్గం అక్కడ ఉంటే మనమంతా ఉన్నట్టే. పదండి, బస్సెళ్ళిపోద్ది" అన్నారు. మెట్లు దిగబోతూ మేడం నాతో చెప్పిన మాట (జవాబు చెప్పే శ్రమ లేకుండా, దయగల మనిషి, దిగుతూ దిగుతూ చెప్పింది) నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది. ఇంత బాగా వినేవాళ్ళను తను ఎక్కడా చూడలేదట. ఇంత బాగా విన్నవాళ్ళను మాట్లాడనివ్వకుండా ఇన్నాళ్ళు ఎలా ఆపగలిగావు అందట. 'ట' అని ఎందుకంటున్నానంటే, నేను బిగుసుకుపోయి నిలబడి ఉన్నాను. దాన్ని నాకు విప్పి చెప్పింది చేపల వదిన. మేడం ఆ చీర గురించి అన్న మాట నిజంగా అన్నదో, పిన్ని నోరు విప్పించడానికే అన్నదో ఈనాటికీ నాకు తెలియదు. ఢిల్లీ నుంచి చేనేత ఎంచడానికి వచ్చిన మనిషికి అంచులో సూది బెజ్జాలు కనిపించకపోవడం ఎలా సాధ్యమని మాత్రం అప్పుడప్పుడు అనుకుంటాను. ఏదైనా కానీ, ఆ నోట పలికించిన తల్లికి నా దణ్ణం.

ఉద్యోగం పోయిందనే అనుకుంటూ డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన పూలగుచ్ఛాన్ని ఇంకా పట్టుకునే కూర్చుని ఉన్నారు. మేడానికి ఇవ్వడం మర్చిపోయారు. "అమ్మాయ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు" అని గొంతు తగ్గించి, "ఆవిడ నీ దగ్గరికి రాబోయే ముందు నన్నే అడగబోయింది. నేను నిన్ను చూపించి తప్పించుకున్నాను. రేపట్నుంచి రోజూ ఒక అరగంట నన్ను కూడా ఏదన్నా అడుగుతుంటావా?" అన్నారు. ఇంటికి వెళ్ళి తాతయ్యకు అంతా చెప్పాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. వాలుకుర్చీలో వెనక్కి వాలి, "ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషులో ఉత్తరాలు రాశానమ్మా. పెద్దాఫీసరు ఎదురుపడి నోరు తెరిస్తే మాత్రం ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని పక్క గదిలోకి పోయేవాణ్ణి. నాకు వచ్చింది వచ్చినట్టు నీకు ఇచ్చాను. లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?" అన్నారు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి ఆయనే, ఎంతో కొత్తగా, కొంచెం సిగ్గుపడుతూ, "హావ్ యూ... ఈటెన్?" అని అడిగారు. అడిగి, నా జవాబు కోసం ఆగారు. నేను "నో తాతయ్యా" అన్నాను. మా ఇద్దరి జీవితంలో అదే మొదటి ఇంగ్లీషు సంభాషణ.

ఇప్పుడు నేను ఇంట్లోంచే ఫోనులో నేర్పుతున్నాను. సంథ మానలేదు. చెవికి దాన్ని మించినది లేదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ పావుగంట సంథ అయ్యాక పుస్తకం మూసేసి, ఎదుటి మనిషికి బాగా తెలిసిన దాని గురించి ఏదో ఒక తప్పు మాట అంటాను. మైలవరం నుంచి మామిడితోట ఆవిడ ఫోనులోకి వస్తే "మీ కాయలు మందు పెట్టి పండించినవట కదా" అంటాను, ఇంగ్లీషులో. ఇక ఆవిడ నోరు ఎవరు ఆపగలరు! మగ్గం పిన్ని గుంట పూడ్చలేదు. ఇప్పుడు ఆ గుంటలో ఆవిడ కూతురు కూడా దిగుతోంది. పండగలకి ఆవిడ నుంచి ఫోనులో మాట వస్తుంది, "ఐ బెగ్ టు స్టేట్" అనే మొదలవుతుంది, ఆ తరువాతదంతా సొంతం.

నేను కూడా మారాననే అనుకుంటాను. ఎవరైనా కొత్తవాళ్ళు, గుడిలోనో రైల్లోనో, ఇంగ్లీషులో "ఆర్ యూ ఎ టీచర్?" అని అడిగితే చక్కగా నవ్వి, "యెస్, ఐ యామ్" అంటాను. కాకపోతే అనడానికి ముందు చిన్న ఆలస్యం అవుతుంది. ఆ మాత్రం వ్యవధిలో లోపల, చేతులు కట్టుకుని చాప మీద కూర్చున్న ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల ఆ ప్రశ్నను రెండుసార్లు, విరుపు తప్పకుండా, అనుకుని తీరుతుంది. అననిస్తాను. పాపం, ఆ పిల్లను ఎవరూ అడగనే లేదు కదా.